జావర్ యాత్ర: తుత్తునాగం పుట్టిన ఊరు

సెలవు ప్రయాణ రాయితీ మీద ఎక్కడికి వెళ్ళాలన్న చర్చ మా ఇంట వచ్చినప్పుడల్లా అది ఒక పట్టాన తెమలదు. పిల్లలకు మంచు కొండలు కావాలి, మా శ్రీమతికి పుణ్యక్షేత్రాలు కావాలి, మా అమ్మగారికి రైల్లో కింది బెర్తు దొరికితే చాలు. క్రిందటి శీతకాలంలో మాత్రం ఉదయపూర్ అనగానే అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. అంతకన్న ఆశ్చర్యం మరొకటి జరిగింది. ఇన్నేళ్ళలో ఏనాడూ ఫలానా ఊరు చూడాలని నోరు తెరచి అడగని మా నాన్నగారు, "అంత దూరం వెళ్తున్నాం కదా, ఒక్క పూట జావర్ కూడా చూసి వద్దాంరా" అన్నారు.

జావర్ పేరు మాలో ఎవరమూ వినియుండలేదు. సరస్సుల నగరాన్ని చూడబోయేవారికి ఇచ్చే కరపత్రాల్లో కూడా ఆ పేరు అరుదు. కాని నాన్నగారికి ఆ పేరుతో ముప్ఫై మూడేళ్ళ బంధుత్వం ఉంది. ఆయన 1977లో, విశాఖపట్నంలో హిందుస్థాన్ జింక్ వారి స్మెల్టర్ ప్రారంభమైన సంవత్సరంలోనే, అందులో పనికి చేరి 2010లో పదవీ విరమణ చేశారు. ఉద్యోగ జీవితమంతా సెల్ హౌస్‌లోనే గడిచింది. ఆ సంస్థకు పుట్టినిల్లు జావర్. అంతేకాదు, మన దేశంలో జింకు లోహానికే అది పుట్టినిల్లు. "చిన్నప్పటి నుంచి అన్నం పెట్టిన లోహం, దాని పుట్టిన ఊరు చూడకుండా పోతే ఎట్లా?" అన్నది ఆయన వాదన. దానికి ఎదురు చెప్పగలవారు మా ఇంట ఎవరూ లేకపోయారు.

కొండల నడుమ

ఉదయపూర్‌లో మూడు రోజులు పిచోలా సరస్సు, రాజప్రాసాదం, సహేలియోంకీ బాడీ తనివితీరా చూసి, నాలుగవ రోజు ఉదయం ఒక కారు మాట్లాడుకుని దక్షిణ దిశగా బయలుదేరాము. జావర్ ఉదయపూర్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఆరావళి కొండల నడుమ ఉన్నది. అహ్మదాబాదు వెళ్ళే రహదారి వదలి పక్క దారి పట్టిన తరువాత ఊళ్ళు పలచబడి, మోదుగ చెట్లు, రాళ్ళ గుట్టలు దట్టమయ్యాయి. టీడీ అనే చిన్న నది మాతో దోబూచులాడుతూ వచ్చింది.

మొదట మా కంట పడినది గని కాదు, క్వార్టర్ల వరుసలు. కంపెనీ టౌన్‌షిప్పులో పుట్టి పెరిగినవారికి మరొక టౌన్‌షిప్పును గుర్తుపట్టడానికి బోర్డు చదవనక్కరలేదు. ఒకే తీరు ఇళ్ళు, ఇంటి ముందు జామచెట్టు, బడి, గుడి, మైదానం! మైదానం దగ్గర నాన్నగారు కారు ఆపించారు. మోహన్ కుమారమంగళం పేర ఇక్కడ జరిగే ఫుట్‌బాల్ పోటీల గురించి విశాఖలో ఉండగా ఆయన ఎన్నోసార్లు విన్నారట. కేంద్రంలో ఉక్కు, గనుల శాఖ మంత్రిగా ఉంటూ 1973లో విమాన ప్రమాదంలో మరణించిన నాయకుని పేర, గని కార్మికుల ఊరిలో, దశాబ్దాలుగా ఆ పోటీలు జరుగుతూ వచ్చాయి. పిల్లలు ఆ మైదానంలో ఒక చుట్టు పరుగెత్తి వచ్చారు.

మోచియా, బలారియా, జావర్ మాలా, బరోయి అని ఇక్కడి గనులకు పేర్లు. పని జరుగుతున్న గనులలోకి యాత్రికులకు ప్రవేశం లేదు. ఉండకపోవడమే న్యాయం కూడా. మేము చూడవచ్చినది పాత జావర్. శిథిలమైన జైన దేవాలయాలు, రాణా కుంభా కుమార్తె రమాబాయి 15వ శతాబ్దం చివర కట్టించిన ఆలయం, దాని ముందరి కుండం, జావర్ మాత గుడి, వీటన్నిటి నడుమ నల్లగా, బూడిదరంగుగా పరుచుకున్న దిబ్బలు.

వంకాయ మూసలు

మాత గుడి దగ్గర ఒక వృద్ధుడు తారసపడ్డాడు. గనిలో పని చేసి విరమించినవాడు. నాన్నగారు కూడా జింకువారేనని తెలియగానే ఆయన ముఖం వికసించింది. "రండి బాబూజీ, మీకు మా తాతముత్తాతల కార్ఖానా చూపిస్తాను" అని మా ముందు నడిచాడు.

మేము వెళ్ళినది ఒక పాడుబడిన గోడ దగ్గరకు. రాతి గోడ అనుకున్నాము. దగ్గరకు వెళితే రాళ్ళు కావు, మట్టి గొట్టాలు! ఒక్కొక్కటి జానెడుకు కాస్త మించిన పొడవు, పైన గుండ్రంగా, కింద సన్నబడి. ఇటుకలు పేర్చినట్లు వందల కొద్దీ పేర్చి, మధ్య మట్టి మెత్తి గోడ లేపారు.

మా అమ్మగారు ఒకదానిని తడిమి చూసి, "ఏమండీ, ఇవి అచ్చం వంకాయల్లా ఉన్నాయే!" అన్నారు.

నాన్నగారు నవ్వి, ఆ మాటే శాస్త్రంలో ఉన్నదని చెప్పారు. 'రసరత్నసముచ్చయం' అనే సంస్కృత రసశాస్త్ర గ్రంథంలో జింకు తీసే విధానం వర్ణించబడింది. అందులో ఈ పాత్రకు 'వృంతాక మూష' అని పేరు. వృంతాకమంటే వంకాయ. మూష అంటే మన కంసాలులు నేటికీ వాడే మూస. మా అమ్మగారు చదువుకున్నది ఐదవ తరగతి. వంటింటి కన్ను చూసినదీ, రసశాస్త్రకారుడు చూసినదీ ఒక్కటే అయింది.

పొగలో పోయే లోహం

ఇక్కడ పాఠకులకు ఒక చిన్న సంగతి మనవి చేయాలి. రాగి, సీసం, ఇనుము వంటి లోహాలను కొలిమిలో బొగ్గుతో కాల్చి రాబట్టడం మానవుడు వేల ఏళ్ళ క్రితమే నేర్చాడు. జింకు మాత్రం లొంగలేదు. కారణం, దాని ఖనిజం నుండి లోహం విడివడటానికి సుమారు 1,000 డిగ్రీల వేడి కావాలి. కాని జింకు 907 డిగ్రీల దగ్గరే ఆవిరి అయిపోతుంది. అంటే అది కొలిమిలో పుట్టడమే ఆవిరిగా పుడుతుంది. ఆ ఆవిరికి గాలి తగిలిన మరుక్షణం మళ్ళీ తెల్లటి భస్మమైపోతుంది. లోహం పుట్టీ పుట్టకముందే పొగలో కలసిపోతుంటే దానిని పట్టుకునేది ఎట్లా?

జావర్ పనివారు పట్టుకున్నారు. ఖనిజాన్ని ముందు వేయించి గంధకాన్ని పోగొట్టేవారు. ఆ పొడిని బొగ్గు వంటి పదార్థాలతో కలిపి ఉండలు చేసి మూసలలో నింపేవారు. మూతికి సన్నని మట్టి గొట్టం అతికించి, మధ్యలో ఒక పుల్ల గుచ్చేవారు. ఆ పుల్ల ఎందుకంటే, మూసను తలకిందులు చేసినప్పుడు లోపలి ఉండలు జారిపోకుండా ఆపుతుంది. తరువాత వేడికి తాను కాలిపోయి ఆవిరి దిగేందుకు దారి విడుస్తుంది. ఎంత చిన్న పుల్ల, ఎంత పెద్ద బుద్ధి! అలా తలకిందులు చేసిన మూసలను చిల్లుల పలకల మీద నిలిపేవారు. పలకకు పైన మంట, కింద చల్లని గది. ఆవిరి పైకి పోయే దారి లేక గొట్టం గుండా కిందికి దిగి, చల్లబడి, లోహపు చుక్కలై కింది పాత్రలో పడేది.

1983లో హిందుస్థాన్ జింక్ సంస్థ, బరోడా మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయం, బ్రిటిష్ మ్యూజియం కలసి ఇక్కడ తవ్వకాలు జరిపినప్పుడు ఈ కొలుములే వరుసగా ఏడు బయటపడ్డాయి. ఒక్కొక్క కొలిమిలో ఆరు వరుసలు, వరుసకు ఆరు చొప్పున 36 మూసలు. అంటే ఒక్క విడతకు 252 మూసలు! ఇది ఎవరో ఒక రసవాది రహస్యంగా చేసిన ప్రయోగం కాదు. సాక్షాత్తు కర్మాగారం. ఒక్కొక్క మూస ఒక్కసారికే పనికి వచ్చేది. కాబట్టి కుమ్మరులు నిత్యం కొత్తవి చేస్తూ ఉండాలి, కట్టె కొట్టేవారు కట్టె తేవాలి, ఖనిజం మోసేవారు మోయాలి. ఎవరి పని ఆగినా కొలిమి ఆగుతుంది. ఉత్పత్తి ప్రణాళిక, స్టోర్స్, షిఫ్టు మార్పు అన్నీ ఏదో ఒక రూపంలో అక్కడ ఉండియుండాలని మాకు తోచింది.

కొలిమి పని పూర్తయిందని ఎట్లా తెలిసేది? నీలంగా ఉన్న మంట తెల్లబడగానే పని ముగిసినట్లని ఆ సంస్కృత గ్రంథమే చెబుతున్నది. కొలత పరికరాలు లేని కాలంలో మంట రంగే వారి మీటరు.

సుమారు 12వ శతాబ్దం నుండి 18వ శతాబ్దం దాకా ఈ లోయలో జింకు తయారయింది. గనుల చరిత్ర ఇంకా పాతది. జావర్ మాలా గని లోపల దొరికిన పాత కలప సుమారు రెండు వేల ఏళ్ళ నాటిదని కర్బన పరీక్షలలో తేలింది. ప్రపంచంలో ఇంత పెద్ద ఎత్తున జింకు తీసిన తొలి స్థలాలలో జావర్ ఒకటి. అమెరికాకు చెందిన ఎ.ఎస్.ఎం. ఇంటర్నేషనల్ అనే లోహశాస్త్ర సంస్థ 1988లో జావర్‌ను చారిత్రక చిహ్నంగా గుర్తించింది.

మన ప్రాంతాలకు కూడా ఈ లోహం కొత్తది కాదు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో మెరిసే బిద్రీ హుక్కాలు, పాన్‌దాన్‌లు చూడనివారు అరుదు. ఆ నల్లని లోహంలో అత్యధిక భాగం జింకే, రాగి కొద్దిపాటి. మన పెద్దలు తుత్తునాగం అని పిలిచినదీ, ఆయుర్వేదంలో యశదం అన్నదీ ఇదే.

చేతులు మారిన లోయ

19వ శతాబ్దం ఆరంభం నాటికి మేవాడ్ యుద్ధాలతో, కరవుతో చితికిపోయింది. గనులు మూతబడ్డాయి. కొలుములు చల్లారాయి. పనివారు చెదరిపోయారు. వారిలో ఒక్కరి పేరు కూడా మనకు మిగలలేదు. రాజుల పేర్లు శాసనాలలో ఉన్నాయి, గుడి కట్టించిన రాజకుమార్తె పేరు ఉన్నది. పుల్ల గుచ్చడం కనిపెట్టినవాడి పేరు మాత్రం లేదు.

తిరిగి ఈ లోయకు జీవం వచ్చింది 1940వ దశకంలో, మెటల్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అనే కంపెనీ పాత గనులను మళ్ళీ తెరవడంతో. అయితే విధి విలాసం చూడండి. ప్రపంచానికి ముందే జింకు తీసిన ఊరి ఖనిజాన్ని శుద్ధి కోసం ఓడల మీద జపానుకు పంపవలసి వచ్చింది. దేశంలో స్మెల్టర్ అన్నది లేదు. 1965లో ప్రభుత్వం ఆ కంపెనీని స్వాధీనం చేసుకున్నది. 1966 జనవరి 10న హిందుస్థాన్ జింక్ లిమిటెడ్ ప్రభుత్వరంగ సంస్థగా అవతరించింది. 1968లో ఉదయపూర్ చెంత దేబారీలో ఏడాదికి 18,000 టన్నుల సామర్థ్యంతో స్మెల్టర్ వెలసింది. 1977లో మన విశాఖపట్నంలో 30,000 టన్నులది వచ్చింది. 2002లో ప్రభుత్వం తన వాటాలో 26 శాతాన్ని, దానితో పాటు యాజమాన్య బాధ్యతను ప్రైవేటు రంగానికి అప్పగించింది. విశాఖ స్మెల్టర్‌లో ఉత్పత్తి 2012లో నిలిచిపోయింది.

ఇన్ని చేతులు మారినా జావర్‌లో ఒకటి మాత్రం జరగలేదు. పాత దిబ్బలను పూర్తిగా చదును చేసి ఊడ్చివేయలేదు. కొత్త గనులు, మిల్లు, రోడ్లు, క్వార్టర్లు వచ్చాయి. వాటి పక్కనే పగిలిన మూసల గుట్టలు ఉండిపోయాయి. ఊరివారు వాటిని ఇటుకలుగా వాడుకున్నారు. ఆ చెత్త అక్కడే ఉన్నందువల్లనే 1983లో పండితులు వచ్చి తవ్వి, మూసలో మిగిలిన మసిని పరీక్షించి, ఆ పనివారి విద్య మొత్తాన్ని తిరిగి చదవగలిగారు. నేల చదును చేసి అందమైన పార్కు వేసి ఉంటే ఆ విద్య మనకు దక్కేదా?

ఇంగ్లండులోనూ ఇటువంటి ఉదాహరణ ఒకటున్నది. విలియం ఛాంపియన్ అనే ఆయన జింకు తీసే పద్ధతికి 1738లో పేటెంటు పొంది, బ్రిస్టల్ దగ్గర వార్మ్‌లీలో కర్మాగారం పెట్టాడు. ఆయన పద్ధతిలో కూడా ఆవిరి కిందికే దిగేది. ఆ ఆలోచన జావర్ నుండి వెళ్ళిందా, ఆయనకే తట్టిందా అన్న విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. 1769లో ఛాంపియన్ దివాలా తీశాడు. ఇప్పుడక్కడ కొలుములు లేవు. కర్మాగారపు చిట్టెంతో ఆయన తోటలో కట్టిన గుహలు, సముద్ర దేవత నెప్ట్యూన్ విగ్రహం మిగిలాయి. ఇక్కడ మూసలు ఇంటి గోడ అయ్యాయి, అక్కడ చిట్టెం దేవుడు అయింది. కర్మాగారం పోయినా, దాని వ్యర్థమే దాని జ్ఞాపకాన్ని మోసింది.

గోడ నీడలో

మధ్యాహ్నం ఆ గోడ నీడలోనే తెచ్చుకున్న పులిహోర తిన్నాము. వృద్ధుడికి కూడా పెట్టాము. చింతపండు పులుపుకు ఆయన కళ్ళు చికిలించి, మళ్ళీ పెట్టమన్నాడు. నాన్నగారు మాత్రం తినడం మానేసి ఒక విరిగిన మూసను చేతిలో తిప్పుతూ కూర్చున్నారు. లోపల గట్టిపడిన బూడిదలో, కాలిపోయిన పుల్ల తాలూకు సన్నని రంధ్రం ఇంకా కనిపిస్తూనే ఉన్నది.

"ఏమిటి నాన్నగారూ, ఆలోచిస్తున్నారు?" అని అడిగాము.

"వీళ్ళు మట్టితో పని చేశారు కాబట్టి మిగిలిందిరా. మాది ద్రావణంతో పని. మా సెల్ హౌస్‌ను విప్పేస్తే దొరికేదేముంటుంది? సీసం, అల్యూమినియం పలకలు తుక్కుకు పోతాయి. తొట్లు పోతాయి. మేము ఏం చేశామో ఏ దిబ్బ చెబుతుంది?"

మాకు వెంటనే సమాధానం తోచలేదు. మనుమరాలు మాత్రం, "మీరు చెప్పండి తాతయ్యా" అన్నది.

అప్పుడు ఆయన చెప్పారు. అల్యూమినియం పలకల మీద విద్యుత్తుతో జింకు పేరుకుంటుందని, ఆ రేకును కత్తి పెట్టి ఒలవాలని మేమూ వినియున్నాము. కాని ద్రావణంలో ఫ్లోరైడు కాస్త పెరిగితే రేకు పలకకు కరచుకుని ఊడి రాదని, కోబాల్టు వంటివి అణుమాత్రం మిగిలినా పేరుకున్న జింకు మళ్ళీ కరిగిపోతుందని, లాబొరేటరీ కాగితం రాకముందే పాత పనివారు రేకు ఊడే చప్పుడును బట్టి ద్రావణం సంగతి చెప్పేవారని మాకు తెలియదు. "చప్పుడు 'టప్'మంటే మంచిది. 'చర్ర్'మంటే ఇన్‌ఛార్జికి కబురు పెట్టాలి" అన్నారాయన. మంట రంగు చూసి పని ముగిసిందని తెలుసుకున్నవాడికీ, చప్పుడు విని ద్రావణం తెలుసుకున్నవాడికీ నడుమ ఎన్నో వందల ఏళ్ళ దూరం ఉన్నది. కాని వారిద్దరూ ఒకే షిఫ్టు మనుషులని మాకు ఆ క్షణాన అనిపించింది.

ముప్ఫై మూడేళ్ళు ఒకే ఇంట ఉండి, మా నాన్నగారి పని ఏమిటో మేము ఏనాడూ అడగలేదు. డ్యూటీ నుండి వస్తే ఆమ్లపు వాసన, పగిలిన చేతులు, పళ్ళు జివ్వుమంటున్నాయని పుల్లటివి వద్దనడం ఇంతే మాకు తెలుసు. అది మా లోపమే కాని ఆయనది కాదు.

తిరుగు ప్రయాణంలో

వృద్ధునికి నమస్కరించి సెలవు తీసుకున్నాము. నాన్నగారు చేతిలోని మూసను తీసిన చోటనే జాగ్రత్తగా పెట్టారు. పిల్లవాడు ఒక ముక్క ఇంటికి తెచ్చుకుంటానన్నాడు కాని ఆయన ఒప్పుకోలేదు. "ఇక్కడ ఉంటేనే అది చెప్పగలదు. మన బీరువాలో ఉంటే ఉత్త పెంకు" అన్నారు.

మన సంస్థలో కూడా ఎన్నో పాత యూనిట్లు ఉన్నాయి. కొన్ని ఆధునికమవుతాయి, కొన్నిటి స్థానంలో మరొకటి వెలుస్తుంది. అది అవసరమే, మార్పు లేనిదే మనుగడ లేదు. నేలను శుభ్రం చేయడం కూడా మన బాధ్యతే, ముందు తరాలకు విషాన్ని వదలి వెళ్ళే హక్కు మనకు లేదు. అయితే గోడలు విప్పే ముందు, యంత్రాలను వేలం వేసే ముందు, ఆ యంత్రం పక్కన నిలబడ్డవారిని కూర్చోబెట్టి, ఆ పని ఎట్లా చేసేవారో నాలుగు మాటలు రాయించుకోవడానికి పెద్ద వ్యయం కాదు. డ్రాయింగులలో లేనిది, మాన్యువల్‌లో రానిది వారి చేతులలో ఉంటుంది. పదవీ విరమణ నాడు శాలువా కప్పి, పూలదండ వేసి పంపే మనము, ఆ చేతులలోని విద్యను కూడా వారితోనే ఇంటికి పంపేస్తున్నాము. ఈ పత్రికలో అందుకొక పుట కేటాయిస్తే బాగుంటుందని సంపాదక వర్గానికి మా విన్నపం.

మా ఇంట ఆ పని అప్పుడే మొదలైంది. తిరుగు ప్రయాణంలో రైలు ఉదయపూర్ దాటకముందే మనుమరాలు తన లెక్కల నోటు పుస్తకం వెనుక పుటలు తెరచి కలం పట్టుకున్నది. తాతయ్య గొంతు సవరించుకుని, "రాసుకో. మొదటి షిఫ్టు ఆరు గంటలకు. సెల్ హౌస్‌లోకి వెళ్ళే ముందు రబ్బరు బూట్లు వేసుకోవాలి" అని ప్రారంభించారు. మేము ఇల్లు చేరేసరికి పదకొండు పుటలు నిండాయి. ఆయన ఇంకా మొదటి షిఫ్టులోనే ఉన్నారు.